మిషన్‌కి వెళ్తున్న చెల్లెళ్ళకు: సెబులో రోజు ఎలా గడపాలి

పిలుపు వచ్చిన వారంలో అమ్మాయిలు ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతారు. సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి, భాష ఎన్నాళ్ళకి వస్తుంది, అక్కడ అన్నం దొరుకుతుందా. అసలు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు: ముక్కూ మొహం తెలియని అమ్మాయితో ఒకే గదిలో, పొద్దున్నించి రాత్రి దాకా, ఒక్క గంట కూడా విడిపోకుండా ఎలా ఉండాలి? నేను విశాఖపట్నం నుంచి వెళ్ళి ఫిలిప్పీన్స్‌లోని సెబులో సేవ చేసి వచ్చాను. మిషన్ బాగా సాగుతుందా లేదా అన్నది వీధిలో కంటే ముందు ఆ గదిలోనే తేలిపోతుందని నా నమ్మకం. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మన సంఘం గురించి తెలియని వాళ్ళు కూడా ఇది చదవొచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం మాది. బయటివాళ్ళు మోర్మన్లు అంటారు. అబ్బాయిలైతే రెండేళ్ళు, అమ్మాయిలైతే పద్దెనిమిది నెలలు మిషనరీగా వెళ్తారు. నేను వెళ్ళేనాటికి అమ్మాయిలకు 19 నిండాలి. ఏ దేశం అన్నది మనం ఎంచుకోం, అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉన్న ప్రధాన కార్యాలయం నుంచి పిలుపు వస్తుంది. జీతం ఉండదు. తెలుగువాళ్ళకి ఈ పని కొత్త కాదు. 1978 చివర్లో ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాద్‌కి మిషనరీలుగా వచ్చి ముందు సొంత బంధువులకే బోధించారు. బైబిలుతో పాటు మేము లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించింది ఎల్సీ గారి తండ్రే. 2012లో భారతదేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, ఏర్పడింది కూడా హైదరాబాద్‌లోనే. అప్పుడు బయటివాళ్ళు మన దగ్గరికి వచ్చారు, ఇప్పుడు మన పిల్లలు బయటికి వెళ్తున్నారు. నాకు అది చాలా గొప్పగా అనిపిస్తుంది.

వెళ్ళే ముందు

పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఒకసారి సరిచూసుకోండి. నల్ల బ్యాడ్జీ మీద పడేది అదే. పద్దెనిమిది నెలలూ అందరూ మిమ్మల్ని సిస్టర్ ఫలానా అని మీ ఇంటిపేరుతోనే పిలుస్తారు. సొంత పేరు దాదాపు వినపడదు. పళ్ళ డాక్టర్ దగ్గరికి ముందే వెళ్ళండి. ఫారంలో ఆయన సంతకం కావాలి, పైగా జ్ఞానదంతం నొప్పి పరాయి ఊళ్ళో మొదలైతే భరించలేరు.

బట్టల గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. కాటన్ కలిసిన, త్వరగా ఆరే స్కర్టులు నాలుగైదు చాలు. 2018 డిసెంబరు నుంచి సిస్టర్స్ ప్యాంట్లు కూడా వేసుకోవచ్చు. దోమలున్న చోట, బురద దారుల్లో అవే మంచివి. చెప్పులు మాత్రం ఖరీదైనవి కొనండి. రోజంతా నడకే. మంచి గొడుగు, కొబ్బరినూనె, గట్టిగా ప్యాక్ చేసిన కారప్పొడి. మిగతావన్నీ అక్కడ దొరుకుతాయి.

సామాను కంటే ముఖ్యమైనవి చేతికి రావాల్సిన పనులు. అన్నం, పప్పు, ఒక కూర, కోడిగుడ్డు పొరటు ఎవరి సాయం లేకుండా వండగలగాలి. బట్టలు చేత్తో ఉతకగలగాలి. పదిమంది ముందు నోరు విప్పి ప్రార్థన చేయగలగాలి. మోర్మన్ గ్రంథం ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా చదివి ఉండాలి. మీరే చదవని పుస్తకాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి చదవమనడం న్యాయం కాదు.

మొదట మనీలా. క్వెజాన్ సిటీలోని ట్రైనింగ్ సెంటర్‌లో కొన్ని వారాలు ఉంటారు. 1984లో ప్రతిష్ఠించిన ఆలయం దాని ఎదురుగానే ఉంది. పాఠాలు ఎలా చెప్పాలో అక్కడ నేర్పుతారు. కానీ అంతకంటే పెద్ద చదువు అక్కడే మొదలవుతుంది, మొదటి కంపానియన్‌తో, అంటే మీకు జంటగా వేసే తోటి మిషనరీతో.

కంపానియన్‌తో కాపురం

నియమం సూటిగా ఉంటుంది. ఒకరి కంటికి, చెవికి ఒకరు అందేంత దూరంలోనే ఉండాలి. పడుకునేది ఒకే గదిలో, వేర్వేరు మంచాల మీద. ఒంటరిగా ఉండేది బాత్‌రూంలోనే. మీ కంపానియన్ ఎవరన్నది అక్కడి మిషనరీలందరినీ చూసుకునే మిషన్ ప్రెసిడెంట్ ప్రార్థన చేసి నిర్ణయిస్తారు. ఆరు వారాలకొకసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి, ఆ రోజు మారొచ్చు, మారకపోవచ్చు.

నాకు అమెరికాలోని యూటా నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు, ఇలోయిలో నుంచి, మిండనావ్ నుంచి వచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, ఇంకొందరు కంపానియన్లు అయ్యారు. ప్రతి ఒక్కరితోనూ మొదటి సాయంత్రమే ఈ సంగతులు మాట్లాడుకున్నాను. మీరూ అదే చేయండి. ఫ్యాను ఎటు తిరగాలి. లైటు ఆరిపోయాక మాట్లాడుకోవచ్చా, వద్దా. పొద్దున్న లేవగానే మాట్లాడితే చిరాకు పడతావా. ఏ కూర తినవు. ఇంటి మీద బెంగ వస్తే నిన్ను వదిలేయాలా, పక్కన కూర్చోవాలా. నా వల్ల ఇబ్బంది కలిగితే అప్పుడే చెప్తావా, తర్వాతా. ఇవి చాలా చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ మిషనరీల మధ్య నేను చూసిన మనస్పర్థల్లో మతానికి సంబంధించింది ఒక్కటీ లేదు. ఫ్యాను, గిన్నెలు, ఆలస్యంగా లేవడం, మాటల మధ్య అడ్డుపడటం, అంతే.

వారానికోసారి ప్లానింగ్ చివర్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది. చాలామంది దాన్ని 'అంతా బాగుంది' అని రెండు నిమిషాల్లో ముగిస్తారు. అలా చేయకండి. ముందు ఆ వారంలో ఆమె చేసిన ఒక మంచి పని పేరు పెట్టి చెప్పండి: 'మంగళవారం ఆ పెద్దావిడ ఏడుస్తుంటే నువ్వు మాట్లాడకుండా కూర్చున్నావు, అది నాకు నచ్చింది.' తర్వాత మీకు కష్టంగా ఉన్నది ఒకటే చెప్పండి. ఒకటి మించితే ఎవరూ వినలేరు. 'నువ్వెప్పుడూ ఇంతే' అనే మాట నోట రానివ్వద్దు. ఆఖర్న ఇద్దరూ వరసగా పైకే ప్రార్థన చేయండి. పక్కన మోకరించిన మనిషి మీ పేరు పెట్టి దేవుడికి కృతజ్ఞతలు చెప్తుంటే ఆమె మీద కోపం నిలుపుకోవడం చాలా కష్టం.

మన అమ్మాయిలకి ఒక అలవాటు ఉంటుంది: బాధ కలిగితే నోరు మూసుకుని పని ఎక్కువ చేయడం. అత్తారింట్లో సర్దుకుపోవాలని చిన్నప్పటి నుంచీ విని ఉంటాం కదా. గిన్నెలన్నీ మనమే కడిగి, ఇల్లంతా మనమే ఊడ్చి, ఎదుటి మనిషి గమనించలేదని లోపల కుమిలిపోతాం. యూటా అమ్మాయికి ఆ మౌనం అర్థం కాదు. ఆమె నిజంగానే అంతా బాగుందనుకుంటుంది. నోటితో చెప్పండి, మెల్లగా చెప్పండి, కానీ చెప్పండి.

మనకి తెలిసినవి ఆమెకి తెలియకపోవచ్చు. బకెట్లో నీళ్ళు పట్టి చెంబుతో స్నానం చేయడం మనకి నేర్పక్కర్లేదు. అక్కడ చెంబు బదులు పిడి ఉన్న ప్లాస్టిక్ మగ్గు ఉంటుంది, తాబో అంటారు. షవర్ కింద పెరిగిన అమ్మాయికి మొదటి వారం అది నరకం. కరెంటు పోతే ఎలా పడుకోవాలో, బార్ సబ్బుతో కాలర్ ఎలా రుద్దాలో ఆమెకి చూపించండి. నవ్వకండి. ఆమె మీకు ఇంగ్లీషు ఉత్తరాలు దిద్దిపెడుతుంది, ధైర్యంగా అడగడం నేర్పుతుంది.

ఏకాంతం కావాలనిపించడం తప్పు కాదు. చదువుకునే గంటలో ఒకే గదిలో ఆమె ఒక మూల, మీరు ఒక మూల, గోడవైపు తిరిగి కూర్చోండి. 'ఈ అరగంట మాట్లాడను, కోపం వల్ల కాదు' అని ముందే చెప్పేయండి. ఇంత చేసినా కంపానియన్ మిమ్మల్ని అవమానిస్తున్నా, భయపెడుతున్నా, వదిలేసి వెళ్ళిపోతున్నా అది సర్దుకుపోవాల్సిన విషయం కాదు. ఆ రోజే మిషన్ ప్రెసిడెంట్‌కి గానీ ఆయన భార్యకి గానీ ఫోన్ చేయండి. వాళ్ళున్నది అందుకే.

రోజు నడిచే తీరు

ఆరున్నరకి లేవడం, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. తర్వాత సొంతంగా లేఖనాలు చదువుకోవడం, కంపానియన్‌తో కలిసి చదవడం, కొత్తలో భాష. ఎండ ముదిరే వేళకి బయట పడతాం. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకి ఇల్లు, పదిన్నరకి లైట్లు ఆపడం. 2017 తర్వాత మిషన్‌ని బట్టి వేళల్లో కొంచెం వెసులుబాటు ఇచ్చారు.

రేపటి ప్లాను రాత్రే వేసుకోండి. ఎవరింటికి, ఎన్నింటికి, వాళ్ళు లేకపోతే ఆ వీధిలోనే ఇంకెవరింటికి. మూడో ప్రశ్నే ముఖ్యం. సెబులో మనుషులు మొహమాటస్తులు, రావద్దని ముఖం మీద చెప్పలేరు, రమ్మంటారు, ఆ వేళకి ఇంట్లో ఉండరు. పక్కిల్లు ముందే రాసుకుని ఉంటే ఎండలో నిలబడి నిరాశపడే పని ఉండదు.

గేటు బయటే నిలబడి 'ఆయో!' అని పిలవాలి. తలుపు దాకా వెళ్ళి తట్టకండి. కుక్కలుంటాయి, రేబిస్ అక్కడ నిజమైన ప్రమాదం. కరిస్తే వెంటనే సబ్బుతో పావుగంట ధారగా కడిగి ఫోన్ చేయాలి, ఇంజెక్షన్లు వాయిదా వేయకూడదు. లోపలికి రమ్మన్నాక చెప్పులు గుమ్మం దగ్గర వదలండి. పెద్దవాళ్ళుంటే వాళ్ళ చెయ్యి అందుకుని మీ నుదుటికి ఆనించుకోండి. మనం కాళ్ళకి దండం పెట్టినట్టే వాళ్ళకది. వయసుని బట్టి ఆతె, కుయా అనండి, అంటే అక్కా, అన్నయ్యా. పెద్దవాళ్ళయితే నానయ్, తాతయ్, అంటే అమ్మా, నాన్నా. మగవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇంట్లోకి వెళ్ళకూడదు. ఇంకో పెద్ద మనిషి లేకపోతే బయటే నిలబడి రెండు మాటలు మాట్లాడి, మళ్ళీ వస్తామని చెప్పి కదలండి.

దాదాపు ప్రతి ఇంట్లో గోడకి చిన్న పీఠం, దాని మీద ఎర్ర బట్టలు కట్టిన బాలయేసు విగ్రహం కనిపిస్తుంది. శాంతో నీన్యో అంటారు. 1521లో మాగెల్లాన్ తెచ్చిన విగ్రహం ఇప్పటికీ సెబు నగరంలోని బసిలికాలో ఉంది. జనవరి మూడో ఆదివారం సినులోగ్ పండగకి ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. ఆ పీఠం గురించి ఒక్క మాట కూడా తక్కువ చేసి అనకండి. మీ ఇంట్లో హిందూ బంధువులు, బాప్టిస్టు బంధువులు ఉండి ఉంటారు, నమ్మకాన్ని ఎవరైనా వేలెత్తి చూపితే ఎలా కాలుతుందో మీకు తెలుసు. మీరు నమ్మింది చెప్పండి. మన సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ 1820లో, పద్నాలుగేళ్ళ వయసులో, అమెరికాలోని పాల్మైరా దగ్గర తోటలో దేవుణ్ణి ఏమడిగాడో, ఏం చూశాడో చెప్పండి. దేవుణ్ణి మీరే అడిగి తెలుసుకోండి అనండి. అక్కడితో ఆపండి.

వద్దు అన్నవాళ్ళకి కూడా థాంక్స్ చెప్పి, నీళ్ళు మోయాలా, బట్టలు ఉతకాలా అని అడగండి. ఉత్తినే అడగకండి, చేయండి. ఒక సందులో మాతో ఎన్నడూ లేఖనం చదవని ఒక ఆవిడ ఉండేది. ఆమెకి వారానికోసారి నీళ్ళు మోసేవాళ్ళం. ఆమె మారలేదు. మారాలని మోయలేదు కూడా.

భాష, తిండి, జీప్నీ

అక్కడి భాష సెబువానో. అది పుస్తకంలో కంటే పిల్లల దగ్గర తొందరగా వస్తుంది. 'ఉన్సాయ్ తవగ్ అని?' అంటే దీన్నేమంటారు అని. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని రోజూ పది వస్తువుల పేర్లు అడగండి. 'మాయోంగ్ బుంతగ్' పొద్దున్న పలకరింపు, మధ్యాహ్నం దాటితే 'మాయోంగ్ హపోన్'. ప్రార్థన కంఠస్థం చేయకండి, తప్పులున్నా సరే సొంతంగా చేయండి. పరాయి పిల్ల తమ భాషలో దేవుడితో మాట్లాడుతుంటే వాళ్ళు తప్పులు లెక్కపెట్టరు.

తిండికి తెలుగువాళ్ళు భయపడక్కర్లేదు. మూడు పూటలా అన్నమే. మునగాకుని కముంగ్గాయ్ అంటారు, చికెన్ పులుసులో, కూరగాయల పులుసులో వేస్తారు. పెసలు మోంగోస్ అనే పేరుతో ఉడికిస్తారు. కాకర, వంకాయ, బెండ, తూటికూర అన్నీ సంతలో ఉంటాయి. ఎండుచేపల్ని బులాద్ అంటారు, విశాఖ వాళ్ళకి ఆ వాసన కొత్త కాదు. కొబ్బరాకు అల్లి అందులో బియ్యం పోసి ఉడికించే పుసో చేతిలో పట్టుకుని తినొచ్చు. కారం మాత్రం తక్కువ, తీపి, పులుపు ఎక్కువ. అందుకే కారప్పొడి అన్నాను.

ఎవరింటి ముందు నుంచి వెళ్ళినా తింటున్న వాళ్ళు 'కఓన్ తా', తిందాం రండి అంటారు. అది మర్యాద, ప్రతిసారీ కూర్చోమని కాదు. నవ్వి, తినేశామని చెప్తే చాలు. నిజంగా పళ్ళెం పెడితే మాత్రం తినండి. లేనివాళ్ళు మీకోసం చేప కొని ఉంటారు. కొంచెం పెట్టించుకుని, 'లమీ కాయో', చాలా బాగుంది అని చెప్పి, పూర్తిగా తినండి. కాఫీ ఇస్తే మన ఊళ్ళో టీ వద్దన్నట్టే వినయంగా వద్దనండి, కాఫీ, టీ తాగొద్దనే మన జ్ఞానవాక్యం నియమం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి మైలో ఉంటే ఇమ్మనండి, చాలా ఇళ్ళలో ఉంటుంది, వాళ్ళకీ ఏదో ఇచ్చామన్న తృప్తి. నీళ్ళు మాత్రం ఫిల్టర్ చేసినవి మీ సీసాలోనే తీసుకెళ్ళండి.

జీప్నీ అంటే అక్కడి షేర్ బండి. అందులో రెండు పొడవాటి బెంచీలు ఎదురెదురుగా ఉంటాయి. డబ్బులు పక్కవాళ్ళకిస్తే చేతులు మారి డ్రైవర్‌కి చేరతాయి, చిల్లర కూడా అలాగే తిరిగొస్తుంది. దిగాలంటే నాణెంతో కడ్డీ మీద కొట్టి 'లుగార్ లంగ్' అనాలి. బ్యాగు ఒళ్ళోనే పెట్టుకోండి.

ఒళ్ళు, వాన, బెంగ

జ్వరం వస్తే దాచకండి, అది డెంగ్యూ కావచ్చు. వరద నీళ్ళలో బూట్లు లేకుండా దిగకండి, ఎలుకల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. నెలసరి నొప్పి ఎక్కువుంటే కంపానియన్‌కి సూటిగా చెప్పి ఆ పూట ఇంట్లో ఉండిపోండి. మూడు రోజులకి సరిపడా నీళ్ళు, బిస్కెట్లు, టార్చి, పాస్‌పోర్టు కాపీ ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టండి. 2021 డిసెంబరులో ఒడెట్ తుఫాను సెబుని చితక్కొట్టింది. 2025 సెప్టెంబరు 30న బోగో దగ్గర 6.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ సంచి ఊరికే పెట్టించరు.

సోమవారం పీ-డే, అంటే సొంత పనులకి వదిలిన రోజు. బట్టలు, సంత, ఉత్తరాలు, ఇంటికి ఫోన్. 2019 ఫిబ్రవరికి ముందు మిషనరీలు క్రిస్మస్‌కి, మదర్స్ డేకి మాత్రమే ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు. ఇప్పుడు వారం వారం చేయొచ్చు. బెంగ అసలు పట్టేది ఫోన్ పెట్టేశాకే. అందుకని ఫోన్ తర్వాత ఖాళీగా కూర్చునే పని పెట్టుకోకండి, బట్టలు అప్పుడే ఉతకండి. బెంగ వారాల తరబడి తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా అది విశ్వాసం లేకపోవడం కాదు, జబ్బు కావచ్చు. ప్రెసిడెంట్ భార్యకి చెప్పండి, డాక్టర్‌తో మాట్లాడిస్తారు. గడువుకి ముందే తిరిగొచ్చిన అమ్మాయిల్ని మన స్థానిక సంఘాల్లో గుచ్చి గుచ్చి అడగడం నేను చూశాను. అది ఆపాలి. వచ్చిన పిల్లకి అన్నం పెట్టి ఎలా ఉన్నావని అడిగితే చాలు.

అమ్మానాన్నలకి కూడా ఒక మాట. ఫిలిప్పీన్స్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. అమ్మాయి మధ్యాహ్నం తీరిక చేసుకుంటే మీకింకా ఉదయమే, ఆ వేళకి ఫోన్ దగ్గర ఉండండి. పెళ్ళి సంబంధాల సంగతి, అప్పుల సంగతి, ఎవరెవరికి గొడవలయ్యాయో అన్న సంగతి ఆ గంటలో ఎత్తకండి, అక్కడి నుంచి ఆమె ఏమీ చేయలేదు. 'ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు' అని అడగకండి. ఏం తిన్నావు, కంపానియన్ ఎలా ఉంది, ఈ వారం ఎవరిని కలిశావు అని అడగండి. కంపానియన్‌ని కూడా పిలిచి పలకరించండి. ఆ అమ్మాయి తల్లి కూడా ఎక్కడో ఇలాగే ఫోన్ కోసం చూస్తుంటుంది.